తలనొప్పికి శొంఠి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తలనొప్పికి ఇంటి వైద్యం గురించి మాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ శొంఠి చుట్టూనే తిరుగుతున్నాయి. పట్టు ఎంతసేపు ఉంచాలి, కషాయంలో ఎంత వేయాలి, వాడుతున్న మాత్రలతో పడుతుందా అని అడుగుతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం తలనొప్పికే, అందులోనూ ఎక్కువ భాగం శొంఠికే కేటాయించాం.

ప్రశ్న: తలనొప్పి వచ్చినప్పుడు శొంఠి పొడి నీళ్లతో కలిపి నుదుటికి దట్టంగా పట్టించి పడుకున్నాను. నొప్పి తగ్గింది గానీ లేచేసరికి నుదురంతా కందిపోయింది. ఎరుపు పోయాక గోధుమరంగు మచ్చ మిగిలింది. మా అమ్మమ్మ ఎప్పుడూ శొంఠే వేసుకునేది, ఆవిడకేమీ కాలేదు. నేను కొన్న పొడిలో కల్తీ ఉందంటారా?
— పాఠకురాలు, నంద్యాల

జవాబు: కల్తీ దాకా వెళ్లనక్కర్లేదమ్మా. కారణం మీ ఉత్తరంలోనే ఉంది: దట్టంగా పట్టించారు, దాంతోనే నిద్రపోయారు.

శొంఠి ఘాటంతా షోగాల్, జింజరాల్ అనే పదార్థాలది. చర్మంలో వేడిని పసిగట్టే నరాల కొసలను ఇవి తట్టి లేపుతాయి. మిరపకాయ మంట పుట్టేదీ ఆ కొసల దగ్గరే. నుదురు, కణతల నుంచి బయల్దేరే నరాలు ట్రైజెమినల్ అనే పెద్ద నరానికి కొమ్మలు. తలనొప్పి కబురు మెదడుకు చేరేదీ ప్రధానంగా ఆ నరం ద్వారానే. అదే దారిలో వెచ్చదనం కూడా వెళ్తుంటే నొప్పి కాసేపు అణిగినట్టుంటుంది. ఆ పని జరగడానికి పది, పదిహేను నిమిషాలు చాలు. ఆపైన ఉంచితే ఉపశమనం పెరగదు, చర్మం కందడం మాత్రం పెరుగుతుంది.

ఇక మీ అమ్మమ్మ గారి సంగతి. ఆ తరం వాళ్లు ఎక్కువగా శొంఠి కొమ్మును సానరాయి మీద చెంచాడు నీళ్లతో అరగదీసేవాళ్లు. రెండు మూడు నిమిషాలు అరగదీసినా వచ్చేది పావు చెంచా గంధమే. అది మెత్తగా ఉంటుంది, పల్చగా పరుచుకుంటుంది. మిక్సీ పొడిలో పీచు, నలకలు ఉంటాయి. అవి చర్మాన్ని గీరుతాయి. పైగా పొడి చేతిలో ఉంటే రెండు చెంచాలు వేసేయడం తేలిక. కాబట్టి ఆవిడ నుదుటికి చేరిన మందు, మీ నుదుటికి చేరిన మందు ఒకే మోతాదు అయ్యుండవు.

సరైన పద్ధతి ఇది. రెండంగుళాల కొమ్ము తీసుకుని కడిగి తుడవండి. సాన మీద అర చెంచా గోరువెచ్చని నీళ్లు పోసి, కొమ్మును నిలువుగా పట్టుకుని ఒకే దిక్కుగా గుండ్రంగా తిప్పుతూ అరగదీయండి. నీళ్లు తెల్లబారి, తర్వాత లేత గోధుమరంగుకు తిరిగి, వేలితో తీస్తే జారకుండా నిలిస్తే సరిపోయినట్టే. సాన లేకపోతే వస్త్రఘాళితం పట్టిన, అంటే పల్చని నూలుగుడ్డలో జల్లించిన పొడి అర చెంచా తీసుకోండి. అది సుమారు ఒక గ్రాము ఉంటుంది. చెంచాడు గోరువెచ్చని నీళ్లతో కలిపి రెండు నిమిషాలు నాననివ్వండి. నానకుండా రాస్తే పొడి ఒకచోట ముద్దలా, ఇంకోచోట నీళ్లలా అంటుకుంటుంది. ముద్ద ఉన్నచోటే ముందు కందుతుంది.

రాసేటప్పుడు కనుబొమలకు అంగుళం పైన ఆగండి. చెమట పడితే పట్టు కరిగి కళ్లలోకి దిగేది అక్కడినుంచే. కణత నుంచి కణతకు ఒక్క పూత చాలు, కింద చర్మం రంగు కనబడుతూ ఉండాలి. వేసుకున్నాక పడుకోవద్దు. తల ఆనించి కూర్చుని గడియారం చూసుకోండి. ఐదారు నిమిషాలకు వెచ్చదనం మొదలవుతుంది. తొలిసారి పది నిమిషాలు, అలవాటయ్యాక పదిహేను. పూర్తిగా ఎండి బీటలు వారకముందే తడిగుడ్డతో తీసేయాలి. ఎండిన పట్టును గోకి తీస్తే పైచర్మం దెబ్బతింటుంది.

వెచ్చదనం దాటి మంట అనిపిస్తే అప్పటికప్పుడు తీసేయండి. ముందు నీళ్లు పోయకండి. ఈ ఘాటు పదార్థాలు నీళ్లలో సరిగ్గా కరగవు, నూనెలో కరుగుతాయి. కొబ్బరి నూనెగానీ నువ్వుల నూనెగానీ రాసి, మెత్తటి గుడ్డతో అద్ది తీసి, తర్వాత సబ్బుతో కడుక్కుంటే మంట త్వరగా దిగుతుంది. పొరపాటున కంట్లో పడితే మాత్రం నూనె వద్దు. రెప్పలు తెరిచి పట్టుకుని 15 నిమిషాలు శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి. చూపు మసగ్గా ఉన్నా, నొప్పి తగ్గకపోయినా కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

మీకు మిగిలిన మచ్చ కందిన చర్మం మానేటప్పుడు వచ్చే నలుపు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. ఎండ తగిలితే ముదురుతుంది కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు కొంగో గొడుగో అడ్డం పెట్టుకోండి, సన్‌స్క్రీన్ రాయండి. నిమ్మరసం రుద్దవద్దు. మందుల షాపులో మచ్చలకని అడగ్గానే ఇచ్చే క్రీములు చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, వైద్యుడు రాయకుండా వాటి జోలికి పోవద్దు. మచ్చ పోయేదాకా పట్టు మానేయండి. తర్వాత వేయాలనుకుంటే ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత రాసి, పదిహేను నిమిషాలకు కడిగేసి, ఒక రోజు గమనించండి. దద్దురు, దురద వస్తే శొంఠి పట్టు మీ చర్మానికి పడదు.

ప్రశ్న: శొంఠి అంటే ఎండిన అల్లమే కదా, పచ్చి అల్లం నూరి రాస్తే సరిపోదా? కొనేటప్పుడు మంచిది ఎలా పోల్చుకోవాలి? ఇంట్లో చేసుకోవచ్చా?
— పాఠకుడు, జహీరాబాద్

జవాబు: అల్లం పండే ఊరి నుంచి అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

పచ్చి అల్లంలో ఐదింట నాలుగు వంతులు నీరే. ఘాటు జింజరాల్‌ది. ఎండేటప్పుడు, వేడి తగిలినప్పుడు జింజరాల్‌లో కొంత భాగం నీటి అణువును వదిలి షోగాల్‌గా మారుతుంది. షోగాల్ ఘాటు ఇంకా ఎక్కువ. అందుకే చిటికెడు శొంఠి చేసే పని పచ్చి అల్లంతో కావాలంటే చాలా ఎక్కువ నూరాలి. నూరితే రసం కారుతుంది, కారిన రసం కనుబొమల మీదికి దిగుతుంది. పట్టుకు శొంఠే మేలు. కషాయానికి మాత్రం పచ్చి అల్లం చక్కగా పనికొస్తుంది. అంగుళం ముక్క దంచి వేస్తే చాలు.

ఇంట్లో చేసుకోవాలంటే బాగా ముదిరిన అల్లం కావాలి. లేత అల్లం ఎండితే ముడుచుకుపోయి తోలులా సాగుతుంది, అరగదు. మట్టి పోయేలా నానబెట్టి కడిగి, వెదురు చెక్కతోగానీ చెంచా అంచుతోగానీ పైపొట్టు గీకేయండి. పొట్టు ఉంటే లోపలి తేమ బయటికి రాదు. కత్తితో లోతుగా చెక్కితే సువాసన నూనె పోతుంది, ఎందుకంటే అది ఎక్కువగా ఉండేది పొట్టు కిందే. శుభ్రమైన చాప మీద వారం, పది రోజులు ఎండబెట్టి రోజూ తిరగేయండి. రాత్రి మంచులో వదిలేయొద్దు. ఐదు కిలోల అల్లానికి కిలో అటూఇటుగా శొంఠి వస్తుంది. విరిస్తే టక్కున విరగాలి. వంగితే తేమ మిగిలినట్టు, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. బూజు పట్టినది గీకి వాడకూడదు, పారేయాలి.

పచారీ కొట్టులో కొనేటప్పుడు ముందు రంగు చూడండి. పాలలా తెల్లగా ఉన్న కొమ్ములకు సున్నం పట్టించి ఉంటారు. పురుగు పట్టకుండా, చూపుకు బాగుంటుందని వ్యాపారులు అలా చేస్తారు. వంటకు కడిగి వాడుకోవచ్చేమో గానీ, సున్నం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి పట్టుకు పనికిరాదు. గోటితో గీరితే తెల్లని పొడి రాలిందంటే అది సున్నమే. మట్టిరంగు కొమ్ము తీసుకోండి. గుండుసూది పొడిచినట్టు చిల్లులుంటే పురుగు తొలిచినట్టు, వద్దు. ఒకటి విరిచి వాసన చూస్తే ముక్కుకు ఘాటు తగలాలి.

పొడి ఒకేసారి కిలో పట్టించి పెట్టుకోకండి. గాలి చొరని డబ్బాలోనైనా రెండు మూడు నెలలకు వాసన తగ్గిపోతుంది. వాసన పోయిన పొడి పనిచేయడం లేదని రెట్టింపు వేసేవాళ్లున్నారు. తర్వాత కొత్త పొడి తెచ్చి అదే రెట్టింపు కొలత కొనసాగిస్తారు, నుదురు కందుతుంది. కొమ్ములు ఉంచుకుని కావలసినప్పుడు అరగదీసుకోవడమే హాయి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. నెలకు రెండు మూడుసార్లు పార్శ్వపు నొప్పి వస్తుంది. ఒకవైపు కణత కొట్టుకుంటుంది, వెలుతురు భరించలేను, వికారం. వైద్యుడు మైగ్రేన్ అని చెప్పి మాత్ర రాశారు. శొంఠి కషాయం తాగితే మాత్ర మానేయవచ్చా?
— పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరుగా మానేయొద్దు. మాత్రకు తోడుగా శొంఠిని తీసుకోవడానికి మాత్రం మంచి కారణాలున్నాయి.

పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు కడుపు కదలిక కూడా మందగిస్తుంది. వికారానికి అదీ ఒక కారణం కావచ్చు. వేసుకున్న మాత్ర కడుపులోనే ఉండిపోయి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. శొంఠికి వికారాన్ని తగ్గించే గుణం బాగా రుజువైనది. మైగ్రేన్ మీదా పరీక్షించారు. ఇరాన్‌లో 100 మందితో చేసి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 250 మిల్లీగ్రాముల శొంఠి పొడి, మైగ్రేన్‌కు వాడే 50 మిల్లీగ్రాముల సుమట్రిప్టాన్ మాత్ర రెండూ రెండు గంటల్లో నొప్పిని దాదాపు ఒకేలా తగ్గించాయి. అయితే మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో గుంపు అందులో లేదు, కాబట్టి ఆ ఒక్క ఫలితంతోనే తీర్మానించలేం. ఇంకో సంగతి: నొప్పి రాకుండా ఆపుతుందేమోనని బ్రెజిల్‌లో మూడు నెలలపాటు రోజూ అల్లం సారం ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకంటే మెరుగైన ఫలితమేమీ కనబడలేదు. దీన్నిబట్టి మా అభిప్రాయం: నొప్పి మొదలయ్యేటప్పుడు శొంఠి ఉపయోగపడుతుంది. రాకుండా ఉండాలని రోజూ తాగడం వల్ల లాభం లేదు.

వేళ చాలా ముఖ్యం. నొప్పి ముదిరి, వాంతులు మొదలయ్యాక తాగితే కషాయం నిలవదు. ఆవలింతలు, మెడ పట్టేయడం, కళ్లముందు మెరుపులు, మీకు ఏది ముందుగా వస్తుందో గమనించి అప్పుడే తాగండి. ఒకటిన్నర గ్లాసు, అంటే 300 మి.లీ. నీళ్లు మరిగించి, పావు చెంచా శొంఠి పొడి వేసి, మంట తగ్గించి ఐదు నిమిషాలు ఉంచండి. దించి మూతపెట్టి ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. పైతేట వడకట్టి, చిన్న బెల్లం ముక్క వేసి, వేడి తగ్గాక గుక్క గుక్కగా తాగండి. మధుమేహం ఉంటే బెల్లం మానేయండి. పావు చెంచా అంటే సుమారు అర గ్రాము. అవసరమైతే నాలుగు గంటల తర్వాత ఇంకోసారి. రోజుకు రెండుసార్లు మించవద్దు.

పరగడుపున తాగితే గుండెల్లో మంట వస్తుంది. ఆకలితో ఉండటమే చాలామందికి పార్శ్వపు నొప్పిని రేపుతుంది కూడా. అందుకే రెండు ముద్దలు పెరుగన్నమో, రెండు బిస్కెట్లో తిని తాగండి. ఘాటుగా ఉంటేనే పనిచేస్తుందని మిరియాలు, పిప్పళ్లు కలిపి త్రికటు కషాయం చేస్తారు కొందరు. జలుబుకు అది సరే. తలనొప్పితోపాటు వికారం ఉన్నప్పుడు ఆ ఘాటుకు వాంతి వచ్చేస్తుంది.

మీ వైద్యుడు రాసిన మాత్ర కూడా మొదట్లోనే, ఆయన చెప్పిన మోతాదులో వేసుకోండి. వాంతి ఎక్కువగా ఉండేవాళ్లకు ముక్కులో కొట్టే మందు, వాంతి ఆపే మాత్ర వంటి దారులున్నాయి, అడగండి.

ప్రశ్న: మా అమ్మకు గుండె కవాటం మార్చారు. వార్ఫరిన్ వాడుతోంది. శొంఠి కషాయం ఇవ్వచ్చా?
— పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇవ్వవద్దు. కూరలో వేసే అల్లంతో ఇబ్బంది లేదు. మందు మోతాదులో శొంఠి రక్తం గడ్డకట్టే గుణం మీద కొంత ప్రభావం చూపవచ్చు, వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం భయం ఉంటుంది. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్లూ వైద్యుణ్ని అడిగాకే తీసుకోవాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకూ ఇదే మాట. ఆపరేషన్ తేదీ పడితే కనీసం వారం, రెండు వారాల ముందు మానేసి ఆ సంగతి వైద్యుడికి చెప్పండి.

ఇంకోటి, మరింత ముఖ్యం: రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు కొత్తగా, తీవ్రంగా తలనొప్పి వస్తే, లేదా తలకు చిన్న దెబ్బ తగిలాక నొప్పి వస్తే, ఏ పట్టూ వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోపల రక్తం చిమ్మిందేమో స్కాన్‌లోనే తెలుస్తుంది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. జలుబు చేస్తే తలనొప్పి అంటాడు. నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టించవచ్చా? నుదుటికి శొంఠి వేయవచ్చా?
— పాఠకురాలు, భీమవరం

జవాబు: రెండూ వద్దు. ఆరేళ్ల చర్మం పల్చన, శొంఠి త్వరగా కందిస్తుంది. పైగా పిల్లలు పట్టు ఉన్న నుదురు రుద్దుకుని అదే చెయ్యి కంట్లో పెట్టుకుంటారు.

ఆవిరిలో అసలు ప్రమాదం గిన్నె. దుప్పటి కింద మరిగిన నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెడితే అది ఒళ్లో ఒలికి కాలడం తరచూ జరిగే సంగతి. స్నానాల గదిలో వేడినీళ్ల బకెట్ దూరంగా పెట్టి, తలుపు వేసి, పిల్లాడిని మీ ఒళ్లో ఐదు నిమిషాలు కూర్చోబెట్టుకుంటే చాలు. ముక్కులో మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు వేయండి, నీళ్లు బాగా పట్టించండి.

నీలగిరి తైలం, కర్పూరం పిల్లలకు చిన్న మోతాదులోనే విషం. చెంచాడు నీలగిరి తైలం మింగినా మగత, మూర్ఛ రావచ్చు. ఈ సీసాలు, కర్పూరం బిళ్లలు పిల్లలకు అందని చోట పెట్టండి. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం ఉన్న బామ్ అసలు రాయకూడదు, ఊపిరి పట్టేసే ప్రమాదముంది. మూర్ఛ వ్యాధి ఉన్న పెద్దవాళ్లూ ఈ తైలాలకు దూరంగా ఉండాలి.

పెద్దవాళ్లకు జలుబుతో తల దిమ్ముగా ఉంటే వావిలాకు ఆవిరి మంచిది. రెండు లీటర్ల నీళ్లలో రెండు గుప్పెళ్ల ఆకు వేసి మరిగించి, దించి, రెండు నిమిషాలు ఆగాక ఐదారు నిమిషాలు పట్టండి. వావిలాకు ఎండబెట్టి దిండులో కూరి పడుకునే అలవాటు కూడా పల్లెల్లో ఉంది, దాంతో హాని లేదు. అయితే ఒక మాట. నుదురు నొచ్చిన ప్రతిసారీ సైనస్ అనుకుని ఏళ్ల తరబడి ఆవిరి పట్టేవాళ్లలో చాలామందికి ఉన్నది పార్శ్వపు నొప్పి. చిక్కని పసుపుపచ్చ చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం లేకుండా, వెలుతురు పడక, వికారంతో నొప్పి వస్తుంటే ఒకసారి వైద్యుడికి ఆ లక్షణాలన్నీ చెప్పండి.

ప్రశ్న: పార్శ్వపు నొప్పికి కణత మీద జిల్లేడు పాలు చుక్క పెడితే, ముక్కులో తుమ్మి ఆకు రసం పిండితే తగ్గుతుందని మా ఊళ్లో చెబుతారు. నిజమేనా?
— పాఠకుడు, మదనపల్లె

జవాబు: రెండూ చేయవద్దు. జిల్లేడు పాలు చర్మాన్ని పుండు చేస్తాయి. కంట్లో చుక్క పడితే నల్లగుడ్డు వాచి చూపు మసకబారుతుంది. మొదట్లో నొప్పి తెలియకపోవడంతో ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్తారు, అదే పెద్ద చిక్కు. కణతకూ కంటికీ మధ్య ఉన్నది రెండు వేళ్ల దూరమే. నల్లజీడి గింజ రసం కూడా ఇలాంటిదే, దాని బొబ్బలు వారాలు మానవు.

తుమ్మి ఆకు చేలో, గట్టున పెరిగేది. దాని మీద మట్టి, పురుగుమందు ఉండవచ్చు. పిండిన పచ్చి రసం నేరుగా ముక్కులోకి పోస్తే లోపలి పొర మండి, కళ్ల నీళ్లు, తుమ్ములు వస్తాయి. ఆ గడబిడలో కాసేపు నొప్పి మరిచిపోవడాన్నే తగ్గడం అనుకుంటారు. నస్యం, అంటే ముక్కులో మందు వేసే చికిత్స, చేయించుకోవాలనుకుంటే ఆయుర్వేద వైద్యుడి దగ్గర, శుద్ధిచేసిన తైలంతో, వారి చేతిమీదుగానే.

ప్రశ్న: రోజూ సాయంత్రానికి తల పట్టేస్తుంది. ఆఫీసులో కంప్యూటర్ పని. బామ్ రాస్తాను, తగ్గకపోతే మాత్ర. ఈమధ్య వారంలో ఐదు రోజులు మాత్ర పడుతోంది. బామ్ మూలికలదే కదా, ఎంత రాసినా ఫరవాలేదా? శొంఠికి మారితే మాత్ర తప్పుతుందా?
— పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు మాత్ర గురించి. వారానికి ఐదంటే నెలకు ఇరవై రోజులు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి నెలలో 15 రోజులు లేదా అంతకుమించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. సుమట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్లకు, కెఫీన్ కలిపిన మిశ్రమ మాత్రలకు ఆ హద్దు 10 రోజులే. మీరు ఆ హద్దు దాటారు. మాత్ర ప్రభావం దిగగానే తల పట్టేస్తుంది, మళ్లీ మాత్ర కావాలి. ఇందులోంచి బయటపడేదారి మాత్రలు తగ్గించడమే. తగ్గించిన మొదటి వారం, పది రోజులు నొప్పి పెరుగుతుంది, అది తెలియక చాలామంది వెనక్కి తిరిగేస్తారు. వైద్యుడితో మాట్లాడి ఆ రోజులకు వేరే మందు ఏర్పాటు చేసుకుని మొదలుపెట్టండి. శొంఠి పట్టు ఆ రోజుల్లో మీకు బాగా అక్కరకొస్తుంది, ఎందుకంటే పైపూతతో ఈ తిప్పలు రావు. రోజు విడిచి రోజు, పది నిమిషాలు చాలు. బామ్, పట్టు ఒకేరోజు రెండూ వద్దు.

బామ్ సంగతి. మన తెలుగువాళ్లకు బామ్ కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బు ఆంధ్రపత్రికకు ఆసరా అయింది. ఇప్పుడు దొరికే బామ్‌లలో సాధారణంగా మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ తైలం ఉంటాయి. ఈ చివరిదాంట్లో ఉండేది మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. శుద్ధమైన వింటర్‌గ్రీన్ తైలం ఒక చెంచా, అంటే 5 మి.లీ., సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. కాబట్టి మూలిక నుంచి వచ్చింది కదా అని నిర్లక్ష్యం వద్దు. కందిగింజంత బామ్ రోజుకు రెండు మూడుసార్లు పెద్దవాళ్లకు సాధారణంగా ఇబ్బంది కాదు. రాసి పైన గుడ్డ బిగించి కట్టడం, వేడి కాపడం పెట్టడం చేయకండి, మందు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది, చర్మం కాలుతుంది. కర్పూరం, నీలగిరి తైలం ఘాటే కొందరికి తలనొప్పిని రేపుతుంది. రెండు వారాలు బామ్ పూర్తిగా ఆపి చూస్తే మీ సంగతి మీకే తెలుస్తుంది.

మీది సాయంత్రం పట్టేసే నొప్పి కాబట్టి మెడ, భుజాలు కూడా చూసుకోండి. స్క్రీన్ పైఅంచు కళ్ల ఎత్తులో ఉందా, కళ్లజోడు నంబరు సరిపోయిందా, మధ్యాహ్నం భోజనం మూడింటికి జరిగిపోతోందా, కాఫీలు ఎన్ని? ఒక నోటుపుస్తకంలో నెలరోజులు నొప్పి వచ్చిన వేళ, తిన్నది, నిద్ర, వేసుకున్న మాత్ర రాయండి. వైద్యుడి దగ్గర ఏ స్కానుకంటే ముందు పనికొచ్చేది ఆ పుస్తకమే.

ప్రశ్న: ఏడో నెల గర్భిణిని. రెండు రోజులుగా తలనొప్పి. మాత్రలు వేసుకోవాలంటే భయం. శొంఠి పట్టు, కషాయం మంచిదేనా?
— పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు బీపీ చూపించుకోండి, ఈరోజే. ఐదో నెల దాటాక వచ్చే తలనొప్పి కొందరిలో గర్భిణి బీపీకి గుర్తు. 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, కళ్లు మసకబారినా, మెరుపులు కనిపించినా, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా, మొహం, చేతులు వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దూరమైతే 108కి ఫోన్ చేయండి. పట్టు వేసుకుని తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చునే రోజు కాదు ఇది.

బీపీ మామూలుగా ఉందని తేలితే పట్టు పది నిమిషాలు వేసుకోవచ్చు. వేవిళ్ల మీద జరిగిన పరీక్షల్లో రోజుకు ఒక గ్రాము దాకా అల్లం పొడి ఇచ్చారు. కానీ మీరు మీ డాక్టరమ్మను అడిగాకే కషాయం తాగండి. వైద్యులు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ గర్భిణులకు ఇస్తూనే ఉంటారు, దానికి భయపడి నొప్పి ఓర్చుకోనక్కర్లేదు.

ఇదే సందర్భంలో అందరికీ చెప్పాల్సినవి ఉన్నాయి. పిడుగు పడ్డట్టు క్షణాల్లో వచ్చి తల పగిలిపోయే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, దెబ్బ తగిలాక నొప్పి, తెల్లవారుజామున వాంతితో నిద్ర లేపే నొప్పి వీటికి ఇంటి వైద్యం లేదు. యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ముఖ్యంగా దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే కణత రక్తనాళం వాచి ఉండవచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు పోతుంది.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. దగ్గర్లో ఇండియన్ స్టోర్ లేదు. సూపర్ మార్కెట్లో దొరికే అల్లం పొడి శొంఠే అవుతుందా? పెప్పర్‌మింట్ ఆయిల్ తలనొప్పికి మంచిదంటున్నారు, ఎలా వాడాలి?
— పాఠకుడు, మిషిగన్

జవాబు: మసాలాల వరుసలో దొరికే అల్లం పొడి శొంఠి పొడే. సీసా మీద వేరే పదార్థాలు కలపలేదని చూసుకోండి. పట్టుకు గుడ్డలో జల్లించడం మరవద్దు.

పెప్పర్‌మింట్ తైలం వెచ్చదనంతో కాకుండా చల్లదనంతో పనిచేస్తుంది. అందులోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని గుర్తించే కొసలను తాకుతుంది. తల చుట్టూ పట్టీ బిగించినట్టుండే నొప్పికి జర్మనీలో 10 శాతం ద్రావణాన్ని ఆల్కహాల్‌లో కలిపి 1996లో పరీక్షిస్తే 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌కు తీసిపోలేదు. మీరు చేసుకోవాలంటే 9 మి.లీ. కొబ్బరి నూనెలో 1 మి.లీ. తైలం కలపండి. చుక్కల లెక్క సీసాను బట్టి మారుతుంది, మందు సిరంజితో కొలవడం నయం. నుదుటికి, కణతలకు పల్చగా రాసి, 15 నిమిషాల తర్వాత ఒకసారి, అరగంట తర్వాత ఇంకోసారి మళ్లీ రాయండి. కలపకుండా నేరుగా రాస్తే చర్మం మండుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో సీసా పైఅరలో ఉండాలి.

ప్రశ్న: అరగదీసిన శొంఠి గంధం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి రేపు వాడవచ్చా? సాన మీద చందనం కూడా తీస్తాం, ఫరవాలేదా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మిగిలింది పారేయండి. తడిసిన శొంఠి ఒక్క రాత్రిలో పులుస్తుంది, ఆ వాసన మీకే తెలుస్తుంది. చందనం తీసే సాన వేరుగా ఉంచుకోవడం మంచిది. రాతి గరుకులో ఇరుక్కున్న శొంఠి మామూలు కడుగుతో పోదు, మర్నాడు దేవుడి గంధం పెట్టుకున్న పిల్లల నుదురు చురుక్కుమంటుంది. ఒకే సాన ఉంటే శొంఠి తీసిన వెంటనే వేడినీళ్లు, సబ్బుతో బ్రష్ పెట్టి రుద్ది, ఎండలో ఆరబెట్టండి. కొమ్మును కూడా తుడిచి, పూర్తిగా ఆరాకే డబ్బాలో వేయండి. తడి కొమ్ము ఒక్కటి వేస్తే డబ్బా అంతా బూజు పడుతుంది.